పత్తిమొగ్గల కేసు

మొన్న గద్వాలలో చుట్టాల పెళ్లికి వెళ్లి వనపర్తికి తిరిగి వస్తుంటే, బస్సులో పక్కసీటు పెద్దమనిషి ఫోనులో ఏదో వీడియో చూస్తూ పడీపడీ నవ్వుతున్నాడు. ఏముందా అని తొంగి చూశాను. మతి చలించిన మనిషినొకణ్ణి కరెంటు స్తంభానికి కట్టేసి, చుట్టూ చేరినవాళ్లు పాట పాడమని సతాయిస్తున్నారు. కాసేపటికి పోలీసు జీపు వచ్చి అతన్ని ఎక్కించుకుపోయింది. పెద్దమనిషి మళ్లీ మొదటినుంచి పెట్టుకున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ జీపు ఎక్కడికి పోతుందో నేను వకీలుగా నల్లకోటు తొడుక్కున్న కొత్తలోనే చూశాను.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లవి. నాగర్‌కర్నూల్ నుంచి వచ్చి గద్వాల కోర్టులో పేరు తెచ్చుకున్న సీనియర్ దగ్గర నేను అప్పట్లో జూనియర్‌ని. జూనియర్ అంటే ఏముంది, ఫైళ్లు మోయడం, టీ చెప్పడం, సీనియర్ రాని రోజున చేతులు కట్టుకుని వాయిదా అడుక్కోవడం. మా తరం వకీళ్లందరూ ఆ గుమ్మం దాటివచ్చినవాళ్లే. అలాంటి రోజుల్లో అయిజ అవతలి పల్లెనుంచి ఒక తల్లి వచ్చి మా ఆఫీసు అరుగు మీద కూర్చుంది. ఆమె కొడుకు, ముప్పై ఏళ్లు దాటినవాడు, సబ్ జైల్లో ఉన్నాడు. చేసిన నేరం, పత్తిమొగ్గలు గిల్లడం.

సీడు పత్తి పండించే ఊళ్లవాళ్లకు చెప్పనక్కర్లేదు గానీ మిగతావాళ్లకు చెప్పాలి. విత్తనం కోసం వేసిన చేలో సాయంత్రంపూట ఒక్కో మొగ్గనూ ఒలిచి లోపలి పుప్పొడి కాడలు గిల్లేస్తారు, తెల్లవారి మగపూలు తెచ్చి రుద్దుతారు, అప్పుడే కాయ కడుతుంది. చిన్నప్పటినుంచీ ఆ పనిలోనే పెరిగినవాడు ఆ కొడుకు. మతి చెదిరాక మిగతావన్నీ మరిచిపోయాడు, పని మాత్రం మరవలేదు. పొద్దువాలగానే కనబడిన చేలోకల్లా దిగి మొగ్గలు ఒలిచేవాడు. అలా ఒకరి మామూలు పత్తిచేను పాడైంది. చేనుగలాయన కడుపుమంటతో కొట్టాడు, పోలీసులు కేసు కట్టి జైల్లో వేశారు. జైల్లో తోటివాళ్లకు అతనొక ఆటబొమ్మ. అన్నం లాక్కునేవారు, గంతులేయమనేవారు. తల్లి ములాఖత్‌కి వెళ్లిన ప్రతిసారీ ఇంకొంచెం చిక్కి కనిపించేవాడట.

పేకాట కేసుల్లో, సారా కేసుల్లో పట్టుబడితే ఒప్పేసుకుని జుల్మానా కట్టి మధ్యాహ్నానికల్లా ఇంటికి చేరడం మా వైపు అలవాటు. అన్ని కేసులూ అంతేననుకుంది ఆ పిచ్చితల్లి. మాకు చెప్పకుండా, జడ్జి అడిగితే చేసిన అని ఒప్పుకో బిడ్డా అని కొడుక్కి నూరిపోసింది. వాయిదా రోజున మతి బాగాలేదన్న పిటిషను పట్టుకుని మా సీనియర్ లేవబోతుండగానే అతను రెండు చేతులూ జోడించి, కూలీల మేస్త్రీకి లెక్క అప్పజెప్పినట్టు చెప్పేశాడు.

“చేసిన సారూ. రెండు సాళ్లు అయినయ్. పొద్దుగాల ఇడిస్తే మగపూలు రుద్దుత. లేకుంటే కాయ కట్టదు.”

కోర్టు హాలు గొల్లుమంది. ముందుగా నవ్వింది చదువుకున్న నల్లకోట్లే. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా పిడికిలి బిగుసుకుంటుంది. ఆ మాటతో అతనికి శిక్ష పడిపోయేదే. కానీ ఆ జడ్జి మా ప్రాంతానికి కొత్త, నవ్వలేదు. సాళ్లేమిటి, మగపూలేమిటి అని తల్లిని ముందుకు పిలిచి అడిగాడు. “మతి పోయినంక యే చేను జూసినా తన పనే అనుకుంటుండు సారూ. దొంగ కాదు,” అంది ఆమె.

జడ్జి హాలును గద్దించి, డాక్టరుకు చూపించమన్నాడు. డాక్టరు జబ్బని తేల్చాక కేసు పక్కన పెట్టి, పిచ్చోడికి జామీను నిలబడేవాడు ఊళ్లో ఒక్కడూ లేకపోయేసరికి తల్లి పూచీ మీదనే వదిలాడు. వారంవారం పెద్దాసుపత్రికి తీసుకెళ్లి మందు ఇప్పించాలి, అదొక్కటే షరతు. చట్టంలో ఆ దారి ముందునుంచీ ఉంది. ఎవరికి పట్టింది!

మందు పనిచేసింది. మరుసటి ఏడు అతను కూలికి పోతున్నాడని, మేస్త్రీ కూడా పిలుస్తున్నాడని తెలిసింది. ఒకసారి తల్లీకొడుకులు పచ్చి పల్లికాయలు మూటగట్టి తెచ్చారు. అతను తల వంచుకుని గుమ్మం బయటే నిలబడ్డాడు, సిగ్గుపడ్డాడు. సిగ్గు తెలిసిందంటే మనిషి తిరిగి వచ్చినట్టే అన్నాడు మా సీనియర్.

తర్వాత ఆసుపత్రి డాక్టరుకు బదిలీ అయింది. కొత్తవాడు రాలేదు. మందు రాలేదు, వచ్చే వారం రమ్మన్నారు. వచ్చే వారమూ అదే మాట. జడ్జీ బదిలీ అయ్యాడు. మందు ఆగిన మనిషి మళ్లీ చేలవెంట తిరుగుతూ, ఎవరి చేలోనో మొగ్గలు ఒలుస్తూ మరో ఊరి పోలీసులకు దొరికాడు. మళ్లీ జైలు. పాత ఉత్తర్వు చూపించి ఆసుపత్రికి పంపమని నేను మొత్తుకున్నాను. ఇది కోర్టా, దవాఖానా అన్నాడు కొత్త జడ్జి. పిటిషను వాయిదా మీద వాయిదా పడింది. అది విచారణకు రాకముందే అతను జైల్లో పోయాడు. జ్వరమన్నారు. జ్వరమట! తిండి లాక్కుని, మందు ఎగ్గొట్టి, గోడల మధ్య పారేసి, జ్వరమని చెప్పడానికి నోరెలా వచ్చిందో.

ఇప్పుడు మా పాలమూరు జిల్లా ముక్కలై కొత్త జిల్లాలు వచ్చాయి, కలెక్టరాఫీసులు లేచాయి, చట్టంలో మంచి మాటలు ఇంకా పెరిగాయి. కానీ ఆ రోజు ఒక మనిషిని బతికించింది పద్ధతి కాదు, ఒక్క జడ్జి ఓపిక. అది ఆయన పెట్టేబేడాతో పాటే వెళ్లిపోయింది. ఆ తల్లి బతికున్నంతకాలం సంతలో కనబడితే నా చెయ్యి పట్టుకుని ఒకటే అడిగేది, కొడుకు పోయాక కూడా.

“ఆ సారు మళ్ల ఎప్పుడొస్తడు బిడ్డా? ఇంకొకరి పిల్లగాడు లోపలున్నడంట.”