బల్ల కింద బిగించిన మిషను

మూడేళ్ళ కిందటి వరకు నాకు అక్షరాలు రావు. చిన్నప్పుడు అమ్మ జీడితోటలోకి పిక్కలు ఏరడానికి పోతే తమ్ముళ్ళను నేను చూసుకునేదాన్ని. ఆ తరువాత పెళ్ళయింది. యాభై దాటాక, మా పొదుపు సంఘం ఆడవాళ్ళం కొందరం సాయంత్రాలు అంగన్‌వాడీ వరండాలో కూర్చుని నేర్చుకున్నాం. అక్షరాలు వచ్చాక బస్సు బోర్డులు చదివాను, మందుల అట్టల మీద పేర్లు చదివాను. ఇది మాత్రం రాయలేకపోయాను. ఏడ్చినవాళ్ళకు రాయడానికి ఏదో ఒకటి ఉంటుంది. నాకు ఏడుపు రాలేదు. కాగితం ముందు కూర్చుంటే రేకుల షెడ్డు, బల్ల, పసుపు పచ్చని చెక్క పొడి కనబడేవి. వాటితో పాటు రావలసిందేదో వచ్చేది కాదు. ఇప్పటికీ రాలేదు. ఇక రాదని తెలిసింది కనక, కనబడినంత వరకే రాస్తున్నాను.

మా ఆయన వడ్రంగి. అరసవల్లికి ఇవతల మా ఇల్లు, ఇంటి వెనకే షెడ్డు. ఒకప్పుడు తలుపులు, కిటికీలు చేసేవాడు. రెడీమేడు తలుపులు వచ్చాక దేవుడి మందిరాలు చేయడం మొదలుపెట్టాడు. పనస కర్ర కోసి, నున్నగా చేసి, రూటరు మిషను చేత్తో పట్టుకుని అంచులు గుండ్రంగా తీసేవాడు. ఆ మిషను కిందనుంచి చిన్న బిట్టు బయటికి ఉంటుంది. గిర్రున తిరుగుతూ అది తగిలిన చోటల్లా కర్రను తినేస్తుంది. రెండు చేతులూ గట్టిగా ఉంటేనే పట్టగలిగే మిషను అది.

పోయిన వానాకాలంలో ఒక పొద్దున పళ్ళు తోముకుంటూ బ్రష్షు జారవిడిచాడు. వంగి తీసుకుని మళ్ళీ జారవిడిచాడు. మూడోసారి తీసుకోలేదు, నా వైపు చూశాడు. పక్షవాతమన్నారు. ఆసుపత్రి నుంచి తిరిగి వచ్చేసరికి మాట వచ్చింది, కాలు ఈడుస్తూ నడక వచ్చింది. కుడిచెయ్యి లేస్తుంది, మూసుకుంటుంది. కాని ఏం పట్టుకుందో దానికి తెలియదు. వేడి టీ గ్లాసూ, చన్నీళ్ళ గ్లాసూ ఆ చేతికి ఒకటే.

మా మరిది విశాఖ వైపు ఇళ్ళలో చెక్కపని చేస్తాడు. చూడడానికి వచ్చినప్పుడు షెడ్డులోకి వెళ్ళి మిషను తిప్పి తిప్పి చూశాడు.

"వొదినా, ఇది ఊరికే తుప్పట్టిపోతాది. నాకియ్యండి. అన్నియ్యకి బాగయితే మళ్ళీ తెచ్చిస్తాను."

"మీ అన్ననడుగు," అన్నాను.

మా ఆయన ఎడంచెయ్యి అడ్డంగా ఊపాడు. "కొన్నాళ్ళు ఆగరా," అన్నాడు.

ఆ మిషను గడప దాటితే ఆయన మళ్ళీ షెడ్డులోకి వెళ్ళడని నాకు తెలుసు. ఆయనకూ తెలుసు. ఇద్దరం ఆ మాట అనుకోలేదు.

తరువాత ఒకరోజు ఫోనులో ఏదో వీడియో చూస్తూ నన్ను పిలిచాడు. అందులో ఎవరో మిషనును తలకిందులుగా బల్ల కింద బిగించాడు. బిట్టు ఒక్కటే బల్ల మీదికి వచ్చి తిరుగుతోంది. మనిషి మిషను ముట్టుకోకుండా కర్రను బల్ల మీద తోస్తున్నాడు.

"సూసినావేటే? మిషను అట్టుకోనక్కర్నేదు. కర్రని తోస్తే సాలు. దానికి నా ఎడం సెయ్యి సాలదా?"

ఆటోలో శ్రీకాకుళం వెళ్ళి మిషన్ల కొట్టులో రెడీమేడు బల్ల చూశాం. పైన అల్యూమినియం పలక, మెరుస్తోంది. నా భుజం పట్టుకుని వంగి దాని కిందికి చూశాడు. అక్కడి కన్నాలు పెద్ద మిషనుకు సరిపోయేవి, మా మిషనుకు సరిపోవు. ఎత్తు కూడా నిలబడి పనిచేసేవాడికి. ఆయన ఎక్కువసేపు నిలబడలేడు. "మనమే సేసుకుందాం," అన్నాడు. మనమే అంటే నేనే.

మా ఇళ్ళల్లో ఆడవాళ్ళు పనిముట్లు పట్టరు. దసరాకు ఉలికీ రంపానికీ పసుపు రాసి బొట్టు పెట్టేది నేనే. మిగిలిన ఏడాదంతా వాటిని దాటకుండా చుట్టూ తిరిగి నడిచేదీ నేనే. మొదటిసారి రంపం పట్టినప్పుడు ఏమైనా అనిపిస్తుందేమోనని ఆగి చూశాను. ఏమీ అనిపించలేదు. గీత మీద పెట్టి కోశాను.

పైపలక దగ్గర మాటామాటా వచ్చింది. ఆయన మూలనున్న టేకు పలక వేద్దామన్నాడు. నేను మైకా అంటించిన ప్లైవుడ్డు వేద్దామన్నాను.

"టేకుండగా పిలైవుడ్డేటే? ఎవులైనా నవ్వుతారు."

"మైకా మీద కర్ర జారుతాది మావా. తోసేది ఒక్క సెయ్యే కదా."

ఆయన తన కుడిచేతిని ఎడంచేత్తో తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "సర్లే, అదే ఎయ్యి," అన్నాడు.

ప్లైవుడ్డు మందంగా ఉండడంతో బిట్టు పైకి చాలినంత రాలేదు. మధ్యలో చదరంగా కోసి తీసేయమన్నాడు. ఆ ఖాళీలోకి పాత కరెంటు బోర్డు నుంచి విప్పిన హైలం షీటు దించాం. అది సన్నం, గట్టి. దానికి మిషనును కింది నుంచి నాలుగు స్క్రూలతో బిగించాను. కర్ర ఆనుకుని నడవడానికి వెనక ఒక తిన్నని బద్ద పెట్టాం. ఆయన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటే మోచేతులు ఎక్కడికి వస్తాయో చూసి కాళ్ళు కోశాను. స్విచ్చు నా చేతికి అందే చోట పెట్టమన్నాడు.

పని సగంలో ఉండగా మరిది మళ్ళీ వచ్చాడు. బల్ల చుట్టూ తిరిగి నడుమ ఉన్న కన్నంలో వేలు పెట్టి చూశాడు.

"ఏటి వొదినా, ఇడ్లీ బండి పెడతన్నావా? ఇడ్లీ పాత్రకి కన్నం సిన్నదయినాది!"

"నీ మూతికి సరిపోతాదిలేరా, సట్నీ ఎయ్యమంటావా?"

మా ఆయన నవ్వాడు. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆయన నవ్వడం అదే మొదలు. నోరు ఒక పక్కకే వెళ్ళింది. నేనూ నవ్వాను. నవ్వుతున్నానని తెలిసింది, అంతే.

బల్ల పూర్తయిన రోజు మధ్యాహ్నం భోజనం చేశాక ఆయన స్నానం చేసి ఉతికిన చొక్కా వేసుకున్నాడు. నేను కుర్చీ బల్ల ముందుకు జరిపాను. పనస కర్ర ముక్క ఒకటి తెచ్చి ముందు పెట్టాను. స్విచ్చు వేశాను. షెడ్డు రేకులు అదిరాయి.

చేత్తో పట్టినప్పుడు మిషనును కర్ర అంచు వెంట ఎడమ నుంచి కుడికి నడపాలి. అదే మిషనును తిరగేసి బల్ల కింద బిగిస్తే బిట్టు తిరిగే వైపు మారిపోతుంది, కర్రను కుడి నుంచి ఎడమకు తోయాలి. వారం రోజులుగా ఆ మాట నాకు చెబుతూ వచ్చింది ఆయనే. కాని కూర్చోగానే ఏళ్ళ తరబడి నడిపిన వైపే చెయ్యి వెళ్ళింది. పైగా పనిచేసేది ఎడంచెయ్యి. ఆ చేత్తో కర్రను ఎడమపక్క నుంచి లోపలికి తోశాడు. కుడిచెయ్యి ఊతగా బల్ల మీద బిట్టుకు అవతల ఆన్చి ఉంది.

బిట్టు కర్రను లాక్కుంది. ఎవరో గుంజుకున్నట్టు అది ఆయన చేతిలోంచి పోయి, కుడిపక్క రేకు గోడకు తగిలి పడింది. నేను స్విచ్చు ఆపాను. ఎడంచెయ్యి చూశాను. వేళ్ళన్నీ ఉన్నాయి.

"పదైదేళ్ళు నడిపిన వైపుకే నడిపేసినానే," అన్నాడు.

"పోనీలే మావా, మళ్ళీ సూద్దాం."

ఆయన వినడం లేదు. బల్ల మీద పసుపు పొడిలో ఎర్రగా తడి పాకడం చూస్తున్నాడు.

"ఆ రత్తం ఏటే? నీదా?"

నాది కాదు. కర్ర పోతూ పోతూ ఆయన కుడిచేతి బొటనవేలి పక్కన చర్మం చీల్చుకుపోయింది. ఆయన ఆ చెయ్యి వైపు చూడనే లేదు, నొప్పి లేదు కదా. నేను చెయ్యి ఎత్తి చూపించాను. ఎవరి చెయ్యో చూసినట్టు చూశాడు. పసుపు అద్ది గుడ్డ కట్టాను. కట్టేంతసేపూ ఆయన మొహంలో ఏమీ మారలేదు. నా మొహంలో ఏమైనా మారిందో లేదో నాకు తెలియదు.

సాయంత్రం వరండాలో కూర్చుని ఫోను కలపమన్నాడు. కలిపి చెవి దగ్గర పెట్టాను.

"ఒరే, రేపొచ్చి మిషను అట్టుకుపో."

అవతల మరిది ఏదో అడిగాడు.

"అయిపోనాదిరా," అన్నాడు మా ఆయన. ఫోను నేనే కట్టేశాను. అన్నం వార్చడానికి వెళ్ళాను.

మర్నాడు పొద్దున వాకిలి ఊడ్చి, టీ పెట్టి ఆయనకిచ్చాను. తరువాత షెడ్డులోకి వెళ్ళాను. మిషను విప్పి గోనెలో పెట్టి ఉంచుదామని స్క్రూడ్రైవరు తీసుకున్నాను. కింద కూర్చుని మొదటి స్క్రూ మీద పెట్టి, తిప్పకుండా అలాగే కాసేపు ఉన్నాను. మందిరం కోసం ఆయన జబ్బు పడకముందు కోసి పెట్టిన ముక్కలు గోడ పక్కన ఉన్నాయి. స్క్రూడ్రైవరు పక్కన పెట్టి లేచాను. గోడ దగ్గర నుంచి ఒక ముక్క తీసుకుని బల్ల ముందు కుర్చీలో కూర్చున్నాను. స్విచ్చు వేశాను. ముక్కను బద్దకు ఆన్చి, వెనక ఇంకో పుల్ల పెట్టి, కుడిపక్క నుంచి తోయడం మొదలుపెట్టాను. కర్ర ఎదురు తిరిగింది, కాని నడిచింది.

మరిది బండి వచ్చిన చప్పుడు నాకు వినబడలేదు. తల పక్కకు తిప్పేసరికి చంకలో ఖాళీ గోనెతో షెడ్డు ముందు నిలబడి ఉన్నాడు. అతని వెనక మా ఆయన, గోడ పట్టుకుని. నా వైపు చూడడం లేదు, వీధి వైపు చూస్తున్నాడు.

"ఏ పక్క నుంచే?" అని అరిచాడు.

"కుడిపక్క నుంచే!"

"మద్దెలో ఆపకు, కర్ర మాడిపోతాది!"

ఆపలేదు. ముక్క చివరిదాకా తోసి, ఇంకోటి తీసుకున్నాను.