ఒక్క ఉతుకు అయినంక

అమీర్‌పేట మెట్రో స్టేషన్ వెనక సందులో చీరలకు ఫాల్, పికో చేసే స్వరాజ్యం దగ్గర "ఇప్పుడే కావాలి" అనే మాట చెల్లదు. ఫాల్ గుడ్డను ముందు బకెట్లో నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేశాకే చీరకు వేస్తుంది. తడపకుండా కుడితే మొదటి ఉతుకులోనే గుడ్డ కుంచించుకుపోయి చీర అంచు ముడతలు పడుతుంది. పక్క షాపులో కుట్టుమిషన్లు బాగుచేసే నాకు ఆమె మిషన్ చప్పుడు బాగా అలవాటు. అది ఆగిందంటే ఎవరో తొందరపెడుతున్నారని అర్థం.

"ఇయ్యాల మంచిగనే ఉంటదమ్మా. ఒక్క ఉతుకు అయినంక చూడు, గప్పుడు నన్నే తిడ్తవు," అంటుంది.

కొందరు చీర తీసుకుని వెళ్లిపోతారు. చాలామంది మర్నాడు వస్తామని అక్కడే వదిలిపోతారు.

మొన్న వేసవిలో ఆమె కూతురు వనితకు ఎంసెట్ ర్యాంకు వచ్చింది. మరీ గొప్పదీ కాదు, తీసిపారేసేదీ కాదు. పిల్లకు కంప్యూటర్ సైన్సే కావాలి. నగరం శివార్లలో ఒక ప్రైవేటు కాలేజీలో ఆ సీటు వచ్చేలా ఉంది. స్నేహితులంతా అక్కడికే పోతున్నారు. ఆ కాలేజీ తరఫున ఒకాయన కరపత్రాలు పట్టుకుని షాపుకే వచ్చాడు.

"ఫీజు రియింబర్స్‌మెంట్ ఉంది గదక్కా, మీకేం ఫికర్ లేదు. సర్కారే కడ్తది."

స్వరాజ్యం కరపత్రాన్ని చీర అంచు చూసినట్టు అటూ ఇటూ తిప్పింది. "మొత్తం కడ్తదా?"

"దాదాపు."

"దాదాపు అంటే ఎంత భాయ్?"

ఆయన నవ్వి, టీ తాగి వెళ్లాడు.

ఆ రాత్రి భర్త ఓదెలును అడిగిందట. ఓదెలు పంజాగుట్టలో ఒక ఆఫీసులో లిఫ్టు నడుపుతాడు. "నాకు పైకి పోవుడు, కిందికి వచ్చుడే ఎరుక. గా చదువుల సంగతి నువ్వే చూడు," అన్నాడు. ఇది మర్నాడు నాకు చెప్పి నవ్వింది గానీ, నిద్ర పట్టలేదని ఆమె కళ్లే చెబుతున్నాయి.

చదువు ముగించుకుని కోచింగ్‌కు వచ్చి లేడీస్ హాస్టళ్లలో దిగే అమ్మాయిలకు మా సందులో కొదవ లేదు. ఎవరి ఫేర్‌వెల్ చీర, ఎవరి అక్క పెళ్లి చీర అయినా స్వరాజ్యం చేతికే వస్తుంది. ఇక ఫాల్ కొలుస్తూ ప్రతి పిల్లనూ అడగడం మొదలుపెట్టింది. ఏ కాలేజీ, చేరేటప్పుడు ఎంతన్నరు, ఆఖరుకు ఎంతయింది. కోదాడ నుంచి వచ్చిన రవళి ఆ శివారు కాలేజీలోనే చదివింది.

"గవర్నమెంటు ఇచ్చేది పోను మిగతా ఫీజు మేమే కట్టాం ఆంటీ. బస్సుకి వేరే, ల్యాబుకి వేరే. గవర్నమెంటు వాటా కూడా ముందు మీరే కట్టండి, వచ్చాక ఇస్తామన్నారు. చివర్లో సర్టిఫికెట్లు ఆపేస్తే అమ్మ గాజులు నాన్న తాకట్టు పెట్టారు."

"మొదటి దినం మంచిగనే మాట్లాడిన్రా?"

"మొదటి రోజు పూలిచ్చారాంటీ."

వనిత అక్కడే కూర్చుని వింటోంది. చేతిలో ఉన్న కరపత్రాన్ని మడిచి పక్కన పెట్టింది. తన హాస్టల్ రూమ్మేట్ వేరే జిల్లాలో ఉన్న యూనివర్సిటీ కాలేజీలో చదివిందని, అక్కడా కంప్యూటర్ సైన్స్ ఉందని, ఫీజు తక్కువని, హాస్టల్ లోపలే అని రవళి చెప్పింది.

"గా కాలేజీ నాకు మంచిగుందమ్మా," అంది వనిత.

మిషన్ చప్పుడు ఆగింది.

హాస్టల్ అనే మాట స్వరాజ్యానికి కొత్తది కాదు. నీళ్ల పప్పు గురించి, జ్వరం వచ్చి ఒంటరిగా పడుకున్న రోజుల గురించి ఆ పిల్లలు ఆమెకే చెప్పుకుంటారు. వాళ్లకు పచ్చడి సీసాలు ఇచ్చేదీ ఆమే. కానీ తన పిల్ల కూడా హాస్టల్ పిల్ల అవుతుందని ఎన్నడూ అనుకోలేదు.

"రోజూ బస్సుల పోయొచ్చే దూరంల ఉన్న కాలేజీలే చూద్దాం," అంది.

"అమ్మా, నువ్వు గీ అక్కలకు పచ్చడి ఇస్తలేవా? నాకు సుత ఆడ ఎవరో ఒకరు ఇస్తరు."

"ఎవరిస్తరు? పేరు జెప్పు."

వారం పాటు తల్లీకూతుళ్ల మధ్య ఆ ప్రశ్న అలాగే ఉండిపోయింది. వెబ్ ఆప్షన్లు పెట్టే గడువు దగ్గరపడింది. ఒకరోజు పొద్దున్నే స్వరాజ్యం షట్టర్ సగం ఎత్తి తాళాలు నాకిచ్చింది.

"అన్నా, చీరలకు వచ్చినోళ్లకు రేపు రమ్మను. పిల్లను తీస్కొని గా యూనివర్సిటీ కాలేజీ చూసొస్త."

పండుగ నాడు కూడా పూటైనా తెరిచే షాపు అది. మర్నాడు వచ్చాక అడిగాను. "బిల్డింగు ఎట్లుంది?"

"పాతదే."

"ల్యాబులు?"

"వనిత చూసింది. దానికి నచ్చినయి." చీర మడత విప్పుతూ మామూలుగానే చెప్పింది. "గేటు ముందట ఒకామె ఫాల్ కుడ్తది అన్నా. పొద్దుగూకె దాక ఆడనే కూసున్న. మెస్ బిల్లు ఎంతైతది, రెండో ఏడు ఏం అడుగుతరు, ఏ పిల్లకు సర్టిఫికెట్లు ఆపిన్రు, అన్నీ అడిగిన. ఆమెకు అందరు పిల్లలు ఎరుకే."

"ఆమె చెప్పింది నిజమని ఎట్ల నమ్మినవ్?"

ఇంత మాత్రం తెలియదా అన్నట్టు చూసింది. "బకెట్ల ఫాల్ గుడ్డ నానబెట్టి ఉన్నదన్నా."

అక్కడే ఉన్న వనిత వైపు తిరిగి, "పేరు హైమవతి," అంది.

ఆప్షన్లలో ఆ కాలేజీనే మొదట పెట్టారు. సీటు వచ్చింది. వనిత వెళ్లేటప్పుడు పెట్టెలో పచ్చడి సీసాలు రెండు పెట్టారు. రెండోది ఎవరికని నేను అడగలేదు.

వనిత వెళ్లిన మర్నాడు మధ్యాహ్నం పక్క షాపులో మిషన్ చప్పుడు ఆగి చాలాసేపైంది. ఎవరూ తొందరపెడుతున్నట్టు లేదు. బెల్టు తెగిందేమోనని స్క్రూడ్రైవర్ పట్టుకుని వెళ్లాను. స్వరాజ్యం చెవి దగ్గర ఫోన్ పెట్టుకుని, జర ఆగమన్నట్టు చెయ్యి చూపింది.

"హైమక్కా, మా పిల్ల తిన్నదా?"