రూతమ్మ గారి పావుగంట

దయ్యాలు ఉన్నాయని నేనెప్పుడూ నమ్మలేదు. కాలేజీలో నేను చదివింది వృక్షశాస్త్రం. ఆకును పలచగా కోసి, సూక్ష్మదర్శిని కింద పెట్టి, కనబడింది మాత్రమే రాయమని మాకు నేర్పారు. పెళ్ళయి మొయినాబాద్ వచ్చాక మా అత్తమ్మ పిల్లకు దిష్టి తీస్తుంటే పక్కన నిలబడేదాన్ని కానీ, లోపల నవ్వుకునేదాన్ని. ఇప్పుడు రాస్తున్నది కూడా జరిగింది జరిగినట్టే రాస్తాను. పిల్ల నిద్రపోయింది కాబట్టి కాస్త తీరిక దొరికింది.

మా సువర్ణకు రెండేళ్ళప్పుడు జ్వరం వచ్చి ఎడమ కాలు పడిపోయింది. పోలియో అన్నారు. మూడున్నరేళ్ళు వచ్చేసరికి ఆ కాలి మడమ పైకి లేచి, పాదం కిందికి వంగిపోవడం మొదలైంది. చేవెళ్లలో మేం చూపించే దవాఖానలో డాక్టరు గారు విషయం దాచకుండా చెప్పారు. ఎండాకాలం పోయేలోపు మడమ దిగి పాదం నేలకు ఆనితే, కాలికి ఇనుప పట్టీలు వేసి నడిపించవచ్చు. దిగకపోతే పిక్క కింద నరం కోయాలి. కోసినా నడుస్తుందని మాట ఇవ్వలేనన్నారు.

ఆ మడమను దించే పని రూతమ్మ గారిది. పిల్లల కాళ్ళకూ చేతులకూ కసరత్తు చేయించడం ఆమె ఉద్యోగం. అందరూ కసరత్తు సిస్టరమ్మ అనేవారు. వయసు యాభైకి దగ్గర. చేతులు మాత్రం వడ్రంగి చేతుల్లా గట్టిగా ఉండేవి. వారానికి మూడు రోజులు మేం బస్సెక్కి వెళ్ళేవాళ్ళం. పది గంటల నుంచి పదింబావు దాకా మా వంతు.

మొదట్లో నాకు ఆమె మీద కోపంగా ఉండేది. నా చేతికి గడియారం ఉంది. పావుగంటలో ఆమె పిల్ల కాలు పట్టుకునేది అయిదారు నిమిషాలే. మిగతా సేపంతా నా చేత ఇసుక కాలు పట్టించేది. పాత చీరను కాలి ఆకారంలో కుట్టి, ఇసుక నింపి, కింద చెక్క పాదం బిగించిన సంచి అది. ప్రతి తల్లీ ముందు దాని మీద చేసి చూపించాలి. తప్పు చేస్తే మళ్ళీ మొదటి నుంచి.

తిరుగు బస్సు మధ్యాహ్నం కానీ ఉండేది కాదు. అందాకా వరండాలో కూర్చుని ఆమెను గమనించేదాన్ని. వేడినీళ్ళలో ఉన్ని గుడ్డలు ముంచి పిండేది. తోలు పట్టీలు కుట్టేది. వార్డులోకి వెళ్ళి మంచం మీదున్న పిల్లలను బోర్లా తిప్పి వచ్చేది. రావడం మానేసిన తల్లులకు కార్డులు రాసేది. పావుగంటకొక గడి చొప్పున గీతలు గీసిన పొడుగాటి పుస్తకం ఒకటి ఉండేది. ఏ గడిలో ఏ పని చేసిందో అందులో రాసేది. పిల్లల కంటే ఆ పుస్తకానికే ఎక్కువ సమయం పోతున్నదని నా అనుమానం.

షాబాద్ నుంచి కొడుకును చంకనేసుకొచ్చే ఒకామె నా పక్కన కూర్చునేది. "పోరని కాలు ఎప్పుడు బాగైతదో గని, మనం మాత్రం పరీక్ష పాసైతం సూడు," అనేది.

ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను. "సిస్టరమ్మా, బస్సుల గింత దూరం వస్తున్నం. పిల్ల కాలు జర ఎక్కువసేపు పట్టరాదు?"

ఆమె ఇసుక కాలును నా ఒళ్ళోంచి తీయనే లేదు. "నేను పట్టేది వారానికి మూడు పావుగంటలు బిడ్డా. నా టైమంత కాలు మీద పెడ్తె ఆ మూడు పావుగంటలే పనైతది. నీ చేతుల మీద పెడ్తె దినాం అయితది. సదువుకున్నదానివి, నువ్వే చెప్పు ఏది నయమో."

సిగ్గుపడ్డాను. కోపం మాత్రం పూర్తిగా పోలేదు.

కొద్ది రోజులకే ఈ అరవైతొమ్మిది తెలంగాణ గొడవలు ముదిరాయి. కాలేజీలు మూతపడ్డాయి. రోడ్డుకు అడ్డంగా రాళ్ళు పేర్చారు. బస్సులు ఆగిపోయాయి. మా ఆయన మా కిరాణా దుకాణం తలుపు ఒక్కటే తెరిచి బేరం నడిపేవారు. ఒకసారి ఎడ్లబండి మాట్లాడుకుని చేవెళ్లకు బయలుదేరాం. నాలుగు మైళ్ళు పోకముందే కుదుపులకు కాలు నొప్పి పుట్టి సువర్ణ గుక్కపట్టి ఏడ్చింది. వెనక్కి తిరిగాం. ఇక నా చేతులే దిక్కు.

రోజూ పది గంటలకు దుకాణం వెనక గదిలో చాప పరిచి పిల్లను పడుకోబెట్టేదాన్ని. ఆమె నేర్పినట్టే చేస్తున్నాననుకున్నాను. మూడు వారాలు గడిచినా మడమ దిగలేదు. పైగా పాదం నడిమధ్యలో వంగుతున్నట్టు అనిపించింది. నా చేతుల్లోనే నా బిడ్డ కాలు చెడిపోతున్నదేమోనని అన్నం సయించేది కాదు.

ఆ రోజు మంగళవారం. ముందు దుకాణంలో మా ఆయన ఎవరికో కందిపప్పు తూకం వేస్తున్నారు. గడప దగ్గర అత్తమ్మ చింతపండు గింజలు తీస్తున్నది. నేను పాదాన్ని పట్టి పైకి నొక్కుతున్నాను. సువర్ణ నా కుడి భుజం పక్కకు చూసి, ఎవరో చెప్పింది విన్నట్టు తలూపింది.

"అమ్మా, గట్ల కాదట."

"ఎవరన్నరు బిడ్డా?"

"సిస్టరమ్మ. నువ్వు వేళ్ళ కాడ పట్టి ఒత్తుతున్నవట. మడిమ పట్టాల్నట."

అత్తమ్మ చేతిలో పని ఆపింది. "యాడున్నదే సిస్టరమ్మ?"

"గీడనే కూసున్నది గద," అని పిల్ల నా పక్క చోటు చూపింది. అక్కడ గోడకు ఆనించిన బియ్యం బస్తా ఉంది. ఇంకేమీ లేదు.

నా చేతులు చూసుకున్నాను. పిల్ల అన్నది నిజమే. నేను పాదాన్ని వేళ్ళ దగ్గర పట్టి తోస్తున్నాను. అందుకే మధ్యలో వంగుతున్నది, మడమ మాత్రం కదలడం లేదు. ఇసుక కాలికి చెక్క పాదం. అది వంగదు కాబట్టి ఎక్కడ పట్టి తోసినా మడమ దిగేది. ఆ అలవాటే నా చేతులకు పట్టింది. దవాఖానలో ఉన్నప్పుడు పిల్ల కాలు సిస్టరమ్మ చేతిలో ఉండేది కాబట్టి నా తప్పు బయటపడలేదు.

మడమను అరచేతిలోకి తీసుకుని, పాదమంతా ముంజేతికి ఆనించి కిందికి లాగాను. పిక్క కింద నరం సాగడం మొదటిసారి చేతికి తెలిసింది. గోడ మీది క్యాలెండర్‌లో ఆ మంగళవారం మీద పెన్సిలుతో 'మడమ' అని రాసుకున్నాను.

సాయంత్రం అత్తమ్మ మెల్లగా అన్నది, "ఆ సిస్టరమ్మ పానం ఎట్లున్నదో ఏమో." పోయినవాళ్ళే అట్లా వచ్చి కనబడతారని ఆమె నమ్మకం. అప్పటిదాకా ఆ ఆలోచనే నాకు రాలేదు.

మరి మూడు వారాలకు బస్సులు తిరిగాయి. దవాఖాన మెట్లెక్కగానే ముందు ఆమె గదిలోకి తొంగిచూశాను. రూతమ్మ గారు కిటికీ దగ్గర కూర్చుని పట్టీ కుడుతున్నారు. "దారి ఇప్పుడు దొరికిందా?" అన్నారు. నాకు ఏడుపొచ్చింది. ఆమె మాత్రం బస్సు ప్రయాణం పడలేదేమో అనుకుని మంచినీళ్ళిచ్చారు.

డాక్టరు గారు సువర్ణను బల్ల మీద నిలబెట్టి, మడమ కిందికి కాగితం ముక్క తోసి చూశారు. దూరలేదు. పాదం పూర్తిగా ఆనింది. ఆపరేషన్ అక్కరలేదన్నారు. ఎవరు చేయించారని అడిగితే, "నేనే," అన్నాను. బీయస్సీ పాసైన రోజు కూడా అంత గర్వంగా మాట్లాడి ఉండను.

పది గంటలకు రూతమ్మ గారు ఎప్పటిలాగే ఇసుక కాలు నా ఒళ్ళో పెట్టారు. దాని చెక్క పాదం లేదు. మధ్యలో వంగేట్టు గుడ్డతో కుట్టిన కొత్త పాదం ఉంది.

"ఇదెప్పుడు మార్చిన్రు?"

జవాబు పక్కన ఉన్ని గుడ్డలు పిండుతున్న ఆయా చెప్పింది. "బస్సులు లేనప్పుడు. రాని పోరగాళ్ళ టైముకు గూడ చాప పరిచి, గా ఇసుక కాలు ముంగటేసుకోని కూసునేది. మాట్లాడేది గూడ. సిస్టరమ్మకు పిచ్చి లేసిందనుకున్నం."

"ఆ టైము వాళ్ళది. ఇంకోలకు ఎట్ల ఇస్త?" అన్నారు రూతమ్మ గారు, తలెత్తకుండా.

పుస్తకం చూపించమని అడిగాను. ఆ మంగళవారం పేజీ తిప్పాను. పది గంటల గడిలో ఆమె గుండ్రటి రాత ఇలా ఉంది: 'సువర్ణ, మొయినాబాద్. రాలేదు. తల్లి వేళ్ళ దగ్గర పట్టి నొక్కుతున్నది. మడమ పట్టమని చెప్పితిని.' కింద మధ్యాహ్నం గడిలో: 'చెక్క పాదము తీసి గుడ్డ పాదము కుట్టితిని.'

ఆ తప్పు చాలామంది తల్లులు చేస్తారేమో, ఆమె ఊహించి రాశారేమో అనుకున్నాను. మిగతా రోజులన్నీ వెతికాను. మా గడిలో ఆ మాట ఇంకెక్కడా లేదు.

"మీకెట్ల తెల్సింది సిస్టరమ్మా?" అని అడిగి, మా ఇంట్లో జరిగింది చెప్పాను.

ఆమె తన రాత మీద వేలు పెట్టి చదువుకున్నారు. "తెల్వది బిడ్డా. పది గంటలకు నా పని నీ బిడ్డతోని. పనిల ఉన్న. అయినంక రాసిన." గడియారం చూసుకున్నారు. "పదింబావు అయింది. ఆ షాబాద్ పోరడు కూసున్నడు. లెవ్వు."

ఇప్పుడు సువర్ణ ఇనుప పట్టీల కాలితో దుకాణం బల్ల పట్టుకుని ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తున్నది. చూసిన వాళ్ళందరికీ చూపించుకుంటున్నాను. వారానికొక రోజు నేనూ ఆ వరండాలో కూర్చుని కొత్త తల్లులకు గుడ్డ పాదం పట్టడం నేర్పుతున్నాను.

ఒక్కటి మాత్రం ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఆ మంగళవారం పేజీలో మా గడి కిందనే షాబాద్ పిల్లవాడి గడి కూడా చదివాను. 'రాలేదు. తల్లికి జ్వరము. తాత చేయుచున్నాడు. బాగున్నది.' అని ఉంది. ఆ రోజు వాళ్ళ వంతు కూడా అయి వరండాలోకి వచ్చాక, వాడి తల్లిని మామూలుగా అడిగినట్టే అడిగాను, బస్సులు లేనప్పుడు పిల్లవాడికి కసరత్తు ఎవరు చేయించారని.

"కొన్నొద్దులు నాకు జరం. మా మామ చేసిండు," అన్నది ఆమె. ఆ తర్వాత నా ముఖం చూసి, "గట్ల సూస్తున్నవేందే, ఏమైంది?" అన్నది.

"ఏం లేదు," అని చెప్పి సువర్ణను ఎత్తుకుని బస్సు కోసం మెట్లు దిగాను.