నా మెడలో తాళంచెవి

ఆ రోజుల్లో నాకు అక్షరం ముక్క రాదు కాని, ఎవరు పెద్ద, ఎవరు చిన్న అనేది మాత్రం చెప్పుల చప్పుడు విని చెప్పేదాన్ని. కరీంనగర్ బస్టాండుకు ఎదురుగా ఒక బిల్డింగు మూడో అంతస్తులో కన్సల్టెన్సీ కంపెనీ ఉండేది. అంటే ఏమిటని చేరిన రోజే అడిగాను. సర్కారుకు, ఫ్యాక్టరీలకు పని ఎట్లా చేయాలో సలహాలు రాసిచ్చి డబ్బు తీసుకునే కంపెనీ అన్నారు. సలహాకు కూడా డబ్బు వస్తుందని తెలిస్తే మా అత్త కోటీశ్వరురాలైపోయేది. (ఆమె ఒక్క పూటలో ఇచ్చినన్ని సలహాలు ఆ కంపెనీ ఏడాదికి కూడా ఇచ్చి ఉండదు.) నా పని ఊడ్చడం, చాయ్ పెట్టడం, బాత్రూములు కడగడం. బాత్రూములు అన్నాను గాని, ఉన్నది ఒక్కటే.

అక్కడ మనుషులకు మెట్లున్నాయి. పై మెట్టు మీద హైదరాబాదు నుంచి అప్పుడప్పుడు వచ్చే పెద్దసారు. ఆయన కింద మేనేజరు టై సారు. (నడి ఎండాకాలంలో కూడా మెడకు ఉన్నది విప్పడు కనుక నేను పెట్టిన పేరు.) తరువాత ఇద్దరు ముగ్గురు సీనియర్లు. ఏసీ గదులూ ఆ బాత్రూమూ వీళ్లవి. వాళ్ల కింద పెద్ద చదువులు చదివి కొత్తగా చేరిన పిల్లలు. పొద్దున వచ్చి కూర్చుంటే దీపాలు పెట్టినాక కూడా లేవరు. రాసేది వాళ్లు, రిపోర్టు మీద పేరు పెద్దసారుది. సద్ది డబ్బా మెట్ల మీద కూర్చుని తినాలి. అందరికన్నా కింద నేను. ఆ పిల్లలకు గానీ నాకు గానీ అవసరం పడితే మూడంతస్తులు దిగి, రోడ్డు దాటి, బస్టాండుకు పోవాలి. మా బాపు మందమర్రిలో బొగ్గుబాయి పని చేసేవాడు. బాయిలోకి దిగేటప్పుడు సారైనా కూలీ అయినా ఒకే తొట్టిలో దిగాలట. భూమి మీదికి వచ్చినాకే తేడాలు.

బాత్రూముకు బయట గొళ్లెం, దానికి ఇత్తడి తాళం. కడిగేదాన్ని నేనే కనుక చెవి నా దగ్గరే. ఎక్కడన్నా పడేస్తానని టై సారే నల్లదారం తెప్పించి మెడలో వేసుకోమన్నాడు. పుస్తెల పక్కన తాళంచెవి. ఎవరన్నా సీనియరు పిలిస్తే తీయాలి, ఆయన బయటికి రాగానే తుడిచి మళ్లీ తాళం వేయాలి, తాళం లేకుండా ఒక్క నిమిషం ఉండొద్దు. తలుపు మీద బంగారు అక్షరాల బోర్డు ఉండేది, రోజూ దాన్ని తుడిచేదాన్ని. దసరానాడు బాపు పనిముట్లకు పెట్టినట్టే నేను చీపురుకు, తాళానికి, ఆ బోర్డుకు పసుపు కుంకుమ పెట్టి మొక్కాను. టై సారు చూసి నవ్వాడు. ఆయన నవ్వాడని నేను కూడా నవ్వాను.

ఆ పిల్లల్లో ఒకామె చిన్నమేడం, నన్ను అక్కా అని పిలిచేది. ఆమె కడుపుతో ఉంది. మెట్లు దిగి ఎక్కుతుంటే గోడ పట్టుకుని ఆగిపోయేది. తిప్పలు పడలేక నీళ్లు తాగడం మానేసింది, కళ్లు తిరిగి ఒకసారి కుర్చీలోనే వాలింది. ఆమె ఒక్కదానికన్నా తాళం తీస్తానని టై సారును అడిగాను.

“రూలంటే రూలేనమ్మా. ఆమె ఇంకా ఆ గ్రేడుకు రాలే.”

“కడుపు గ్రేడు చూసుకోని వస్తదా సార్?”

ఆయన టై సర్దుకున్నాడు. నేను మాత్రం ఆగలేదు. చాయ్ పెట్టే వేళకు తాళం తీసి, గొళ్లేనికి ఊరికే తగిలించి పోయేదాన్ని. అది చూసి చిన్నమేడం పోయి వచ్చేది. ఆమె తిరిగి తన కుర్చీలో కనబడగానే పోయి తాళం వేసేదాన్ని.

ఒక సోమవారం పెద్దసారు వచ్చాడు. జిల్లా ఆఫీసు నుంచి కొందరు వచ్చి హాల్లో కూర్చున్నారు. ఊళ్లల్లో ఆడవాళ్లకు మరుగుదొడ్లు ఎట్లా కట్టాలనే దాని మీద మీటింగు. (రాసిందంతా చిన్నమేడమే.) నేను ఎప్పటిలాగే తాళం తగిలించి చాయ్ పోయడానికి పోయాను. వచ్చేసరికి చిన్నమేడం కుర్చీలో ఉంది, కళ్లతో ఏదో సైగ చేసింది. అయింది అక్కా అంటుందనుకుని పోయి తాళం వేసి, పొద్దటి నుంచి ఆపుకున్నదాన్ని కనుక నేను కూడా బస్టాండుకు దిగాను. సోమవారం గదా, వేములవాడ గుడికి పోయే జనంతో అక్కడ పెద్ద లైను.

తిరిగొచ్చేసరికి టై సారు బాత్రూము తలుపు సందుకు నోరు పెట్టి, “రెండు నిమిషాలు సార్” అని గుసగుసలాడుతున్నాడు. లోపలి నుంచి దబదబ బాదుతున్నారు. నేను చాయ్ పోస్తుండగా పెద్దసారు తాళం వేలాడుతుండటం చూసి తానే లోపలికి పోయాడట. చిన్నమేడం సైగ అదే. తాళం తీస్తే, కోటు చెమటకు తడిసి ముద్దయి బయటికి వచ్చాడు. ఏసీ బాత్రూము దాకా రాదు గదా.

“ఎక్కడికి వెళ్లావు?”

“బస్టాండుకు సార్.”

“డ్యూటీలో బస్టాండుకు ఎందుకు?”

“మీరు గిండ్లకు ఎందుకొచ్చిన్రో గందుకే. ఇక్కడ నాది కడుగుడే సార్, పోవుడు మాకందరికీ బస్టాండులనే. గా పిల్ల వట్టి మనిషి గూడ కాదు.”

హాల్లో ఉన్నవాళ్లకు అంతా వినబడింది. పెద్దసారు ముఖం తుడుచుకుని, మంచి పాయింటు అని మీటింగుకు పోయాడు. చిన్నమేడం నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. మా కష్టం తీరిందనే అనుకున్నాము ఇద్దరమూ.

తెల్లారి మార్పులు జరిగాయి, జరగలేదని అబద్ధం చెప్పను. లోపల ఒక గంట బిగించారు, సార్లు ఇరుక్కుంటే నొక్కడానికి. నా మెడలో దారం తీసుకుని, చెవి టై సారు సొరుగులో పెట్టారు. చిన్నమేడమూ నేనూ చేయి చేయి పట్టుకుని రోడ్డు దాటేవాళ్లం. ఆటోవాళ్లు తిడితే ఇద్దరం కలిసి తిట్టేవాళ్లం. తరువాత ఆమెను ఇంటి దగ్గర ఉండమన్నారు, కాన్పయినాక పిలుస్తామన్నారు. పిలవలేదు. నేను ఇంకో ఏడాది కడిగి మానేశాను.

ముసలితనంలో మా మనవరాలు పలక ముందు పెట్టి నాకు అక్షరాలు దిద్దించింది. మొన్న దానిని కోచింగులో చేర్పించడానికి పోతే, అదే బిల్డింగు, అదే మూడో అంతస్తు. కంపెనీ ఎప్పుడో లేచిపోయింది. బాత్రూము తలుపు బార్లా తెరిచి ఉంది, పిల్లలు పోతున్నారు, వస్తున్నారు. బోర్డు మాత్రం ఎవరూ పీకలేదు. కూడబలుక్కుని చదివాను. ‘సీనియర్ అధికారులకు మాత్రమే.’

పసుపు కుంకుమ పెట్టి, కళ్లు మూసుకుని దానికి మొక్కిన మనిషి గుర్తొచ్చి అక్కడే నవ్వాను. ఏమైంది నాయనమ్మా అంది మనవరాలు. ఏం లేదన్నాను. అప్పుడే చదువు వచ్చి ఉంటే ఆ బొట్టు పెట్టేదాన్ని కాదు. ఆ సోమవారం తాళం మాత్రం అట్లనే వేసేదాన్ని.