పదహారో పేరు

నవంబరు వచ్చిందంటే మా రైల్వే గ్రౌండులో సున్నం గీతలు పడతాయి. బిలాస్‌పూర్‌లో క్రికెట్ ఆడే మైదానాలకి కరువు లేదు గానీ, ఈ ఒక్కటి మాత్రం బేస్‌బాల్‌ది. "మేడమ్, ఇదేం క్రికెట్?" అని గోడవతల నుంచి అడిగేవాళ్ళకి జవాబు చెప్పడం మానేసి చాలా ఏళ్ళయింది. నాకు ఉద్యోగం వచ్చింది ఈ ఆట మీదే. స్పోర్ట్స్ కోటాలో చేరి, మోకాలు మొరాయించేదాకా ఆడాను. ఇప్పుడు ఆఫీసులో ఫైళ్ళు చూస్తూ, సీజన్ మొదట్లో మాత్రం మహిళల జట్టుకి ఆటగత్తెల్ని ఏరే పని చేస్తుంటాను. ఏరేది ఇద్దరమే, కోచ్ గారూ నేనూ. ఆయన చూస్తారు, నేను రాస్తాను.

రాయడం అంటే స్కోరు పుస్తకం. ఎవరు ఎన్నిసార్లు బ్యాటు పట్టారు, ఎన్నిసార్లు హిట్ కొట్టి బేస్ చేరారు, ఎన్నిసార్లు తల వంచుకుని బెంచీకి తిరిగొచ్చారు, అన్నీ అందులో ఉంటాయి. నా అక్షరాలు ముత్యాలేమీ కావు గానీ, నా పుస్తకంలో తప్పు పట్టినవాడు ఇంతవరకూ పుట్టలేదని నాకో పొగరు ఉండేది. ఎవరైనా "మా అమ్మాయిని ఎందుకు తీసుకోలేదు?" అని గొడవకొస్తే నోరు విప్పేదాన్ని కాదు. పుస్తకం తెరిచి ముందు పెట్టేదాన్ని.

నిజానికి ఈ ఆటలో మొదటి వారం పుస్తకాన్ని నమ్మకూడదని నాకంటే బాగా తెలిసినవాళ్ళు ఎవరూ ఉండరు. ఇందులో మహా మహా ఆడేవాళ్ళు కూడా పదిసార్లు బ్యాటు పడితే ఏడుసార్లు ఊరికే తిరిగొస్తారు. ఇక ఆ వారంలో ఒక్కొక్కరు పట్టే పన్నెండుసార్లు చూసి ఏం చెప్పగలం? నేను సెలక్షన్‌కి వచ్చిన ఏడాది మొదటి మూడు రోజులూ ఏది తిప్పితే అది తగిలింది. నాకు ఉద్యోగం తెచ్చిపెట్టినవి ఆ మూడు రోజులే. తర్వాత ఆ సీజనంతా నా బ్యాటుకి గాలి తప్ప ఏమీ తగల్లేదు. ఈ సంగతి నేను ఎవరికీ చెప్పుకోలేదు. కోచ్ గారికి తెలుసు, ఆయన పెద్దమనిషి కాబట్టి ఆ మాట ఎత్తరు.

అలాంటిదాన్ని, పోయినేడాది నాలుగు మ్యాచ్‌లు చూసి జాబితా రాశాను.

జాబితా అంటే పదహారు పేర్లు. అందులో ఉన్నవాళ్ళని సీజనంతా డ్యూటీ నుంచి స్పేర్ చేస్తారు. ఆడుకోవడమే వాళ్ళ డ్యూటీ. లేనివాళ్ళు వెనక్కెళ్ళి మామూలుగా షిఫ్టులు చేసుకోవాలి. ఆ ఏడాది పదిహేను పేర్ల దగ్గర మాకు పేచీ రాలేదు. పదహారో పేరు దగ్గర ఇద్దరు మిగిలారు. ఒకమ్మాయి కొత్తగా స్పోర్ట్స్ కోటాలో చేరింది. చలాకీ మనిషి, నాలుగు మ్యాచ్‌ల్లో పన్నెండుసార్లు బ్యాటు పట్టి అయిదు హిట్లు కొట్టింది. రెండో అమ్మాయి కర్గీ రోడ్ స్టేషన్‌లో పాయింట్స్‌మన్‌గా, బళ్ళకి పట్టాలు మార్చే పని చేస్తోంది. పన్నెండింటికి ఒక్కటే హిట్. అంతకు రెండేళ్ళ ముందు చెయ్యి విరిగి, ఆ మరుసటి ఏడాది ఎవరో ఒకరు అడ్డొచ్చి, రెండుసార్లు జాబితా తప్పిపోయింది. ఈసారీ తప్పితే ఇక ప్రాక్టీసుకి పూట వదలడం కుదరదని వాళ్ళ పైవాళ్ళు ముందే చెప్పేశారు. అంటే ఆ పిల్ల ఆట అక్కడితో సరి.

ఆ పిల్ల మావాళ్ళమ్మాయి. చుట్టం కాదు, తెలుగు పిల్ల. వాళ్ళ తాతా మా తాతా శ్రీకాకుళం వైపు నుంచి ఒకే కాలంలో రైల్వే పనికి వచ్చి ఇక్కడ పాతుకుపోయినవాళ్ళు. ఊళ్ళోనే తోర్వా కాలనీలో మా ఇంటికి రెండు సందుల అవతల వాళ్ళిల్లు. ఇంటి దగ్గర కనిపిస్తే "పిన్నీ" అంటుంది. గ్రౌండులో మాత్రం "మేడమ్". ఆ అలవాటు నేనే నేర్పాను. గ్రౌండులో దానితో ఒక్క తెలుగు ముక్క మాట్లాడేదాన్ని కాదు. అందరి ముందూ హిందీలోనే కసిరేదాన్ని, మిగతావాళ్ళ కంటే ఒక పాలు ఎక్కువగానే కసిరేదాన్ని.

ఇది మా ఇంటి జబ్బు. మా నాన్న లోకో షెడ్డులో ఫిట్టరుగా ఉన్నప్పుడు మనవాడొకడిని పనిలోకి తీసుకోమని ఎవరికో చెప్పారు. వాడు నిజంగా పనిమంతుడే. అయినా షెడ్డంతా "తెలుగోళ్ళు తెలుగోళ్ళనే ఎక్కిస్తారు" అని ఆయన్ని ఏడాదిపాటు దెప్పింది. ఆ మాట ఆయనకి ముల్లులా గుచ్చుకుపోయింది. నాకు ఉద్యోగం వచ్చిన రోజు దీవించి, ఒకటే చెప్పారు. "ఎవులికైనా సెయ్యి. మనోలకి మాత్రం సెయ్యకు. మాట పడతావు." నేను అక్షరాలా పాటించాను. మా కాలనీలో నాకు మంచి పేరే ఉంది, "ఆవిడ తన పర అని చూడదు" అంటారు. నేనది పొగడ్త అనుకుని ఇరవై ఏళ్ళు మోశాను.

ఆఫీసులో ఆడేవాళ్ళ కాయితాలన్నీ నా టేబుల్ మీదుగానే పోతాయి. మ్యాచ్‌లు మొదలయ్యే సోమవారం నాడు నా ట్రేలో ఒక ఉత్తరం పైనే ఉంది. అర్జెంటు అని ఎర్ర సిరాతో రాసి ఉంది. కర్గీ రోడ్ నుంచి వచ్చింది. పేరు చూశాను, ఇంటిపేరు చూశాను. చదవలేదు. నేను ఆ పిల్ల కాయితం ముందు తీస్తే పక్క టేబుల్ ఏమంటుందో ముందే వినపడిపోయింది నాకు. వరసలో రానీలే అనుకుని, తీసి దొంతర అడుగున పెట్టాను. పెట్టినందుకు ఆ పూట నాకు కాస్త గర్వంగా కూడా ఉంది, అబద్ధమెందుకు.

ఆ వారం నాలుగు మ్యాచ్‌లకీ ఆ పిల్ల మ్యాచ్ మొదలయ్యే నిమిషానికి వచ్చేది. నీళ్ళ ట్యాంకు వెనక నిలబడి బూట్లు మార్చుకునేది. ఒకసారి ఫీల్డింగులో ఆవలించింది. నేను చూశాను, హిందీలో నాలుగు తిట్టాను. ఒళ్ళు బద్ధకం అనుకున్నాను. వచ్చే బంతిని ఒక క్షణం ఆలస్యంగా చూస్తోంది, బ్యాటు ఆలస్యంగా తిరుగుతోంది. పుస్తకంలో సున్నాలు పేర్చుకుంటూ పోయాను. గురువారం సాయంత్రం కోచ్ గారు ముందు నన్నే అడిగారు. పుస్తకం చూపించాను. అయిదు, ఒకటి. కొత్తమ్మాయి పేరు రాసి ఇద్దరం సంతకాలు పెట్టాం. పేర్లు అక్కడే అమ్మాయిలకి చదివేశారు, జాబితా మాత్రం సోమవారం పైకి వెళ్ళాలి.

శుక్రవారం పొద్దున్న ట్రే ఖాళీ చేస్తూ చేస్తూ అడుగున ఉన్న ఆ ఉత్తరానికి వచ్చాను. అప్పుడు చదివాను. నాలుగే వాక్యాలు. ఈ ఉద్యోగిని ఈ వారమంతా రాత్రి డ్యూటీలో ఉంది, సెలక్షన్ మ్యాచ్‌లున్నాయి కాబట్టి వెంటనే స్పేర్ చేస్తూ ఉత్తర్వు పంపగలరు, అని.

మిగతా అమ్మాయిల ఉత్తర్వులు అన్నీ ఆ సోమవారమే వెళ్ళిపోయాయి. నా చేతి మీదుగానే వెళ్ళాయి. ఈ ఒక్క పిల్ల రాత్రంతా కర్గీ రోడ్‌లో బళ్ళు దాటించి, పొద్దున్న పాసింజరు పట్టుకుని, స్టేషన్ నుంచి సరాసరి గ్రౌండుకొచ్చి బ్యాటు పట్టింది. నాలుగు రోజులూ అంతే. పరాయి పిల్ల అయ్యుంటే నేను సోమవారమే సంతకం చేయించి పంపేదాన్ని. తన పర చూడను అని పేరు పడ్డ నేను, మావాళ్ళ పిల్ల అని చూసి మరీ ఆ కాయితాన్ని అడుగున పెట్టాను. కుర్చీలో కూచోలేకపోయాను. అప్పటికప్పుడు ఉత్తర్వు తయారు చేసి, సంతకం చేయించి, కర్గీ రోడ్‌కి ఫోన్ చేసి ఆ రాత్రి నుంచే వదలమన్నాను.

సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. ఆ పిల్లే తలుపు తీసింది, కళ్ళు ఇంకా ఉబ్బే ఉన్నాయి.

"ఏటి పిన్నీ, మీరిలాగొచ్చారు?"

కూచున్నాను. తిప్పి చెప్పడం నాకు చేతకాదు. "నీ కాయితం నా దగ్గరే ఉండిపోయిందే" అన్నాను.

"తెల్సు పిన్నీ. స్టేషన్ మాస్టరు గారు చెప్పీసారు, ఎప్పుడో పంపీసానని."

"తెలిసీ నన్ను అడగలేదేటే?"

వంటింటి వైపు చూసింది. "అమ్మ ఒద్దంది. ఆవిడ మనోలకి చెయ్యదు, అడిగితే ఇంకా బిగుసుకుపోతాది, ఊరుకోయే అంది."

వాళ్ళమ్మ టీ గ్లాసుతో వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. "అలాగని కాదమ్మా, నువ్వు నిఖార్సైన మనిషివి కదా, అందుకే..." అంది గాభరాగా. నాకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఇరవై ఏళ్ళుగా కాలనీ నా గురించి చెప్పుకున్నది ఇదన్నమాట. మెచ్చుకోవడం కాదది, నా దగ్గరికి రాకండి అని ఒకళ్ళకొకళ్ళు చెప్పుకోవడం.

ఆ పిల్ల వాళ్ళమ్మ చేతిలోంచి టీ గ్లాసు తీసుకుని నాకిస్తూ అడిగింది. "పిన్నీ, నా ఆట బాగోలేకే తీసీసారా, మరేటైనానా?"

"నాకు తెలీదే" అన్నాను. అదే నిజం. నిద్రలేని మనిషి పన్నెండుసార్లు బ్యాటు పడితే ఆ లెక్కలో ఆటెంతో నిద్రెంతో నాకెలా తెలుస్తుంది?

శనివారం ఇంట్లో బీరువా మీద నుంచి పాత స్కోరు పుస్తకాలు దించాను. చెయ్యి విరగకముందు మావాళ్ళమ్మాయి ఆడిన సీజన్లు మూడున్నాయి. ఒక్కో పేజీ తిప్పాను. గొప్పగా వెలిగిన రోజంటూ లేదు, ఆరిపోయిన నెలంటూ లేదు. నిలకడగా, ప్రతి మ్యాచ్‌లో ఒకటో రెండో, సంవత్సరం పొడుగునా. అన్నీ నా చేతి రాతే. కళ్ళముందున్న నాలుగు పేజీలు నమ్మి, నేనే రాసుకున్న మూడు పుస్తకాలు మరిచిపోయాను.

ఒక కాగితం మీద జరిగింది జరిగినట్టు రాశాను. ఉత్తరం నేనే ఆపాను, అందువల్ల ఈ ఆటగత్తె రాత్రి డ్యూటీలు చేసి ఆడింది, పదహారో పేరు మళ్ళీ చూడాలి, అని. రాస్తున్నంతసేపూ నాన్న షెడ్డు గుర్తొస్తూనే ఉంది. ఇప్పుడు ఇక మాట పడక తప్పదు. తనవాళ్ళని ఎక్కించడానికి కథ అల్లింది అంటారు. కోచ్ గారు ఆ కాగితం రెండుసార్లు చదివారు. "అచ్ఛా" అన్నారు, నిట్టూర్చారు. "రేపు పొద్దున్న ఒక మ్యాచ్ పెడదాం. ఇద్దర్నీ ఆడిద్దాం."

ఆదివారం మ్యాచ్‌లో మా అమ్మాయి నాలుగుసార్లు బ్యాటు పట్టి ఒక్కటే హిట్ కొట్టింది. కొత్తమ్మాయి రెండు కొట్టింది. నా ప్రాణం ఉసూరుమంది. దేవుడు కూడా నాకు సాయం రాదలచుకోలేదు. నాలుగింటికి నాలుగూ కొట్టేస్తే నాకు నోరు విప్పే పనే ఉండేది కాదు, మామూలుగా పుస్తకం తెరిచి చూపించేదాన్ని.

కానీ ఆ రోజు నేను పుస్తకం ఒళ్ళో పెట్టుకుని ఆట చూశాను. కొత్తమ్మాయి హిట్లు రెండూ బ్యాటు అంచుకి తగిలి ఫీల్డర్ల మధ్య దొర్లిపోయినవి. మా అమ్మాయి బ్యాటు మాత్రం ప్రతిసారీ సరైన క్షణంలో తిరిగింది. రెండు బంతులు తూటాల్లా వెళ్ళి తిన్నగా ఫీల్డరు చేతిలో పడ్డాయి. అవి పుస్తకంలో అవుట్లే. కళ్ళకి మాత్రం కాదు.

మ్యాచ్ అయ్యాక కోచ్ గారు పెన్ను తీసి నా వైపు చూశారు. బెంచీ మీద ఇంకో నలుగురున్నారు. నేను పేరు చెప్పాను. ఆయన నా పుస్తకంలోకి చూశారు, ఒకటీ రెండూ. నవ్వు దాచుకోకుండా, "ఆప్‌కీ వాలీ?" అన్నారు. మీవాళ్ళ పిల్లా, అని. ఎగతాళి కాదు, మామూలు ఆటపట్టింపే. కానీ బెంచీ మీద తలలు తిరిగాయి. మా నాన్న పడ్డ మాటా, నేను తప్పించుకు తిరిగిన మాటా అదే.

"హా జీ, మావాళ్ళమ్మాయే. రాయండి" అన్నాను. మూడు పాత పుస్తకాలూ సంచీలోంచి తీసి ఆయన ముందు పెట్టాను. ఆయన వాటిని తెరవకుండానే రాశారు.

కొత్తమ్మాయికి నేనే వెళ్ళి చెప్పాను. "మీ పుస్తకంలో నావే ఎక్కువ కదా మేడమ్" అంది. అవునన్నాను. వచ్చే ఏడాది దాకా తన ప్రాక్టీసుకి ఢోకా లేదని కూడా చెప్పాను. ఆ పిల్లకి అదేమీ ఊరట కాలేదు, అందులో తప్పూ లేదు. నేను సరిగ్గానే ఎంచానని నమ్ముతున్నాను. నమ్మకమే, రుజువు లేదు.

అప్పటికి మా అమ్మాయి నీళ్ళ ట్యాంకు దగ్గర బూట్లు విప్పుకుంటోంది. ఏమైందో అడగడానికి కూడా నా వైపు రాలేదు. రావద్దని నేనే కదా నేర్పింది.

"ఒసే" అని కేకేశాను, గ్రౌండుకి ఈ చివర నుంచి ఆ చివరికి, తెలుగులో. "రేపట్నించి కర్గీ రోడ్ బండెక్కకు. తిన్నగా ఇక్కడికే వచ్చీ."

బూటు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. తర్వాత మొహమంతా నవ్వుతో, అంత గట్టిగానూ, "అలాగే పిన్నీ!" అంది.

బెంచీ మీద ఎవరు తల తిప్పి చూశారో నేను చూడలేదు.