నాయన తలపాగా కోసి కుట్టిన సూదుల సంచి

నిన్న పొద్దున కురిచేడు స్టేషన్లో ట్రైన్ కోసం నిలబడి ఉన్నాను. తమ్ముడు ఫోన్ చేశాడు.

"అక్కా, అవ్వ పోయింది."

నేను బయలుదేరింది అవ్వను చూడటానికే. ట్రైన్ వచ్చింది. ఎలా ఎక్కానో గుర్తులేదు.

మా గురవమ్మవ్వ గిద్దలూరులో చాలామందికి కుట్టు టీచరుగా తెలుసు. ఆమె చదువు చిన్నప్పుడే ఆగిపోవాల్సిందని మాత్రం ఇంట్లోవాళ్లకే తెలుసు.

మద్రాసు ప్రెసిడెన్సీ రోజులు. రెండో ప్రపంచ యుద్ధం వల్ల గుడ్డ మీద కంట్రోల్, రేషన్‌లో కొలిచి ఇచ్చేవారు. అవ్వ గొర్రెలు కాసేవాళ్ల పిల్ల. పల్లె నుంచి మార్కాపురం స్కూలుకు నడిచి పోయేది. ఆ ఏడాదితో చదువు చాలని వాళ్ల నాయన అప్పటికే చెప్పేశాడు.

ఇన్‌స్పెక్షన్‌కు ఒక ఆఫీసరమ్మ వస్తోందని, ఆడపిల్లలంతా సూదుల సంచి కుట్టి తేవాలన్నారు. పొడుగాటి గుడ్డకు లోపల చిన్న చిన్న జేబులు. సూదులు, దారం, బొత్తాలు అందులో పెట్టి, చాపలా చుట్టి నాడా కట్టేయాలి.

ఇంట్లో గుడ్డ లేదు.

నాయన నీళ్లు పోసుకుంటుంటే, దండెం మీదున్న ఆయన ఎర్ర తలపాగా కొస కోసేసింది.

ఆఫీసరమ్మకు ఆ సంచి నచ్చింది. చేతిలోకి తీసుకుని విప్పి చూస్తోంది. అంతలో టీచరమ్మ, బీరువాలో ఉండాల్సిన స్కూలు ఎర్ర గుడ్డ కనిపించడం లేదంది. ఇది నీకెక్కడిదని అవ్వను అడిగింది.



చెబితే నాయనకు తెలుస్తుంది. చెప్పకపోతే దొంగ అంటారు.

నాయనకు కబురు పంపారు. ఆయన వచ్చేదాకా అందరి ముందూ నిలబడే ఉంది. గోడకు ఆనుకోలేదట, ఆనుకుంటే తప్పు ఒప్పుకున్నట్టు అవుతుందని.

ఆయన వచ్చాడు. సంచి చేతికిచ్చారు. అంచును బొటనవేలితో తడిమాడు. కూతురి వైపు చూడలేదు.

నలుగురిలో ఎప్పుడూ తలపాగా తీయని మనిషి, తీశాడు. అది కోసిన చోటును సంచి పక్కన పెట్టి చూపించాడు.

"గుడ్డ నాదే. నేనే కోసుకోమన్నా."

స్కూలు గుడ్డ తర్వాత ఇంకో పెట్టెలో దొరికిందట.

ఇంటికి పోయే దారంతా ఆయన ముందు నడిచాడు, అవ్వ వెనక. ఇక స్కూలు అయిపోయినట్టేనని అవ్వ అనుకుంది. ఊరి దగ్గర పడ్డాక అన్నాడు:

"అడిగింటే ఇంకాస్త ఇచ్చేవాణ్ణి గదమ్మా. జేబులు ఇరుగ్గా కుట్టినావు."

మరుసటి రోజు తనే స్కూలు దాకా వచ్చి దిగబెట్టాడు. మళ్లీ చదువు మానేయమనలేదు.

అవ్వ టీచరయ్యాక, క్లాసులో ఏది పోయినా అందరి ముందు ఏ పిల్లనూ అడిగేది కాదు. ఎందుకని నేనొకసారి అడిగితే ఈ కథంతా చెప్పింది. చివర్లో నీళ్లు తెమ్మంది.

పోయిరా అవ్వా. ఇక సూదీ దారంతో కళ్లకు పని చెప్పకు. నెమ్మదిగా, చల్లగా నిద్రపో.