మామయ్యగారు పోసిన నీళ్ళు

మా అత్తింటివాళ్ళు బాప్టిస్టులు. మా పుట్టింటివాళ్ళం ఆర్.సి.ఎం., అంటే క్యాథలిక్కులం. ఈ మాట చెబితే ఇక్కడ అమెరికాలో, క్యారీలో మా పక్కింటి తెలుగావిడ నవ్వుతుంది. "అందరూ క్రిస్టియన్సే కదండీ, మళ్ళీ అందులో గొడవేంటి?" అంటుంది. ఆవిడకేం, హాయిగా అంటుంది. మా ఊళ్ళో రెండు చర్చిలు, రెండు సమాధుల తోటలు ఉండేవి. బడికెళ్ళే దారిలో వాళ్ళ పిల్లలు మమ్మల్ని "బొమ్మలకి మొక్కేవాళ్ళు" అని వెక్కిరిస్తే, వాళ్ళు మరియమ్మకి మొక్కరు కాబట్టి మేము "మీకు తల్లి లేదు" అని వాళ్ళని ఏడిపించేవాళ్ళం. ఎప్పుడో తెల్లదొరలు వాళ్ళ దేశాల్లో పడ్డ తగాదాని మోసుకొచ్చి మా పేటలో దింపిపోయారు. మేము దాన్ని భద్రంగా సూట్‌కేసులో సర్దుకుని అమెరికా తెచ్చుకున్నాం.

మాది ప్రేమపెళ్ళి. పుట్టబోయే పిల్లల సంగతి మాత్రం ఇద్దరం ఎత్తలేదు. మాకు పసిబిడ్డకే నుదుటి మీద నీళ్ళు పోసి జ్ఞానస్నానం చేయించాలి. అది లేకుండా బిడ్డ పోతుందేమో అన్న భయం మా ఇళ్ళలో తల్లిపాలతోపాటే వస్తుంది. వాళ్ళకి అది పెద్ద తప్పు. మనిషి ఎదిగి, తన నోటితో విశ్వాసం ఒప్పుకుంటేనే నీళ్ళలో ముంచుతారు.

మా బాబు గుండెలో లోపంతో పుట్టాడు. కొంచెం ఎదిగాక ఆపరేషన్ చేస్తామన్నారు డాక్టర్లు. ఏడిస్తే పెదాలు నీలంగా మారిపోయేవి. అప్పుడు వాడి మోకాళ్ళు రెండూ ఛాతీకి ఆనేలా ముడిచి పట్టుకోవాలి. వాడు ఏడవకుండా చూడటమే నాకు పనైపోయింది. మనవణ్ణి చూడటానికి మామయ్యగారు ఒంగోలు నుంచి వచ్చారు. అక్కడ ఆయన పాస్టరు. మనిషి మెత్తన, మాట మాత్రం గట్టి.

నేను బయటపడి చెప్పేశాను. "ఆపరేషన్‌కి ముందు వాడికి జ్ఞానస్నానం చేయిస్తాను మామయ్యగారూ."

"ఏం తెలుసమ్మా వాడికి? నీళ్ళు పోస్తేనే దేవుడు చూస్తాడంటే, నీకు దేవుడి మీద నమ్మకం లేనట్టే" అన్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. మా ఆయన మాత్రం ఫోన్‌లోంచి తలెత్తలేదు. ఆ పూట ఆ మనిషిని నేను అసహ్యించుకున్నాను. మర్నాడు నేనే, హాస్పిటల్‌కి వస్తూండే ఫాదర్ గారితో జ్ఞానస్నానం సంగతి మాట్లాడి పెట్టుకున్నాను.

ఆ మర్నాడు పొద్దున్నే బాబు నా చేతుల్లోనే నల్లబడిపోయాడు. ఎమర్జెన్సీకి డ్రైవ్ చేశాం. ఆపరేషన్ ఆగదు, ఇప్పుడే తీసుకెళ్ళాలి అన్నారు డాక్టర్లు. ఫాదర్ గారికి ఫోన్ చేస్తే ఆయన దూరంగా ఎవరి సమాధి కార్యక్రమంలోనో ఉన్నారు. అంత అత్యవసరమైతే ఎవరైనా నీళ్ళు పోయవచ్చని మా చర్చి నేర్పిందే. నర్సుని అడిగితే చిన్న బాటిల్‌లో శుభ్రమైన నీళ్ళిచ్చి, "క్విక్‌గా కానివ్వండి" అంది.

కానీ నా రెండు చేతులూ బాబు మోకాళ్ళ మీదే ఉన్నాయి. వదిలితే ఏడుస్తాడు, ఏడిస్తే మళ్ళీ నల్లబడతాడు.

"నువ్వు పొయ్యి" అన్నాను మా ఆయనతో.

ఆయన బాటిల్ తీసుకుని వాళ్ళ నాన్న వైపు చూశాడు. అలాగే నిలబడిపోయాడు. "నాన్నా..." అన్నాడు. అంతే. బయట బెడ్ చక్రాల చప్పుడు వినిపిస్తోంది. నాకు అరవాలనుంది, అరిస్తే బాబు ఉలిక్కిపడతాడు. పళ్ళు బిగించి ఏడ్చాను.

మామయ్యగారు నా మొహం చూశారు. తర్వాత కొడుకు చేతిలోంచి బాటిల్ లాక్కున్నారు.

"నేను పోస్తాను. మాటలు నువ్వు చెప్పుకో."

ఆయన చేస్తానన్నదే గొప్ప. కానీ అది కుదరదు. "నీళ్ళు పోసేవాళ్ళే మాటలు చెప్పాలండీ. లేకపోతే చెల్లదు" అన్నాను.

ఆయన కళ్ళు మూసుకున్నారు. బతుకంతా ఏది తప్పని చెప్పారో అదే ఆయన నోటితో పలకమంటున్నాను. కాదంటారనుకున్నాను. కానీ ఆయన బాటిల్‌ని రెండు అరచేతుల మధ్య పెట్టి రుద్దడం మొదలుపెట్టారు. చల్లటి నీళ్ళు పడితే బిడ్డ ఏడుస్తాడని ఆయనకి తట్టింది, నాకు తట్టలేదు. తర్వాత బాబు నుదుటి మీద కొంచెం కొంచెంగా పోస్తూ, తండ్రి పేర, కుమారుడి పేర, పరిశుద్ధాత్మ పేర బాప్తిస్మమిస్తున్నానని పూర్తిగా చెప్పారు. బాబు మూతి ముడిచాడు గానీ ఏడవలేదు. నర్సు వాణ్ణి తీసుకెళ్ళిపోయింది.

వెయిటింగ్ రూమ్‌లో ఆయన మాకు దూరంగా కూర్చున్నారు. నేనే వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"నమ్మకుండా చెప్పానమ్మా. అయినా చెల్లుతుందా?"

"చెల్లుతుంది మామయ్యగారూ. నా కోసమైనా, చేయాలని చేశారు కదా."

"సరే" అన్నారు.

సాయంత్రానికి సర్జన్ వచ్చి బాబు బాగున్నాడని చెప్పాడు. ఇండియాకి ఫోన్ చేస్తే మా అమ్మ జ్ఞానస్నానమే కాపాడిందంది. అత్తయ్యగారు ప్రార్థనే కాపాడిందన్నారు. సర్జన్ సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఒంగోలు వెళ్ళాక మామయ్యగారు ఆ విషయం దాచుకోలేదు. తనంతట తానే సంఘం ముందు నిలబడి చెప్పేశారట. పెద్దలు కూర్చుని ఆయన్ని పాస్టరు పదవి నుంచి తీసేశారు. మాకు ఈ సంగతి అత్తయ్యగారు చాలా రోజులకి చెప్పారు. నేను ఏడుస్తూ ఫోన్ చేశాను.

"వాళ్ళకి ఒక్క మాట చెబితే సరిపోయేది కదండీ, తప్పయిందని" అన్నాను.

"అడిగారమ్మా, తప్పయిందని ఒప్పుకోమని" అన్నారాయన. "నాకు నోరు రాలేదు."